గ్రాండ్ కాన్యన్ వెళ్తే గట్టు మీదే ఆగిపోకండి: ఎలా దిగాలి, ఎలా ఎక్కి రావాలి

లాస్ వేగస్ నుంచి అరిజోనాలోని గ్రాండ్ కాన్యన్ లోయకి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది చేసేది ఒకటే. తెల్లారకుండానే కారెక్కి, మధ్యాహ్నానికి చేరి, రెయిలింగ్ పట్టుకుని ఫొటోలు దిగి, "అబ్బో ఎంత పెద్దదో" అనుకుని, గంటన్నరకల్లా వెనక్కి తిరుగుతారు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు జరిగిందీ అదే, ఫొటోల్లో ఉన్నది తప్ప ఇంకేమీ గుర్తులేదు. తర్వాత అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చినప్పుడు రెండు రాత్రులు అక్కడే ఉన్నాం. ఒక పొద్దున నేనూ నాన్నా లోపలికి మైలున్నర దిగి ఎక్కి వచ్చాం. తలెత్తి చూస్తే మేం బయల్దేరిన గట్టు ఎక్కడో ఆకాశంలో కనిపించింది, అప్పుడుగానీ దాని లోతు నాకు ఒంటికి తెలియలేదు. అందుకే మీరు వెళ్లేటప్పుడు కనీసం ఒక రాత్రి, ఒక పొద్దున దానికి ఇవ్వండి. ఎలాగో చెప్తాను.

ముందు ఏ గ్రాండ్ కాన్యనో తేల్చుకోండి

కొలరాడో నది వెంబడి కొలిస్తే ఈ లోయ పొడవు 277 మైళ్లు. అందుకే మ్యాప్‌లో "గ్రాండ్ కాన్యన్" అని కొట్టి, వచ్చిన మొదటి చోటికి వెళ్లిపోకండి. వేగస్ నుంచి బస్సు ప్యాకేజీలు ఎక్కువగా తీసుకెళ్లేది వెస్ట్ రిమ్‌కి, అంటే పడమటి గట్టుకి. 2007లో తెరిచిన గాజు వంతెన, స్కైవాక్, ఉన్నది అక్కడే. ఆ నేల హువాలపాయ్ తెగవాళ్లది, నేషనల్ పార్క్ కాదు. టికెట్ వేరు, పార్క్ పాస్ చెల్లదు. వేగస్‌కి దగ్గర, టైమ్ లేనివాళ్లకి బాగానే ఉంటుంది, కానీ నేను చెప్పబోయేవేవీ అక్కడ ఉండవు.

నార్త్ రిమ్, అంటే ఉత్తరపు గట్టు, సౌత్ రిమ్ కంటే వెయ్యి అడుగులు ఎత్తు, అడవి దట్టం, చలికాలం మంచుకి మూసేస్తారు. 2025 జులైలో డ్రాగన్ బ్రేవో అనే కార్చిచ్చు అక్కడి పాత లాడ్జిని పూర్తిగా కాల్చేసింది, కాబట్టి ఏవి తెరిచి ఉన్నాయో చూసుకోకుండా అటు వెళ్లకండి. ఎదురుగా కనిపిస్తోంది కదా అని సౌత్ నుంచి నార్త్‌కి ఒక పూటలో వెళ్లొద్దామనుకుంటే కుదరదు. పక్షికి పది మైళ్లు, కారుకి 215 మైళ్లు.

మొదటిసారి అయితే సౌత్ రిమ్‌కే వెళ్లండి. ఏడాదంతా తెరిచే ఉంటుంది. ఫ్లాగ్‌స్టాఫ్ నుంచి 80 మైళ్లు, ఫీనిక్స్ నుంచి మూడున్నర గంటలు, వేగస్ నుంచి నాలుగున్నర గంటలు వేసుకోండి.

పాస్ సంగతి

సౌత్ రిమ్‌లో కారుకి 35 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. ఏడాదిలో మూడు పార్కులు తిరిగేవాళ్లకి 80 డాలర్ల యాన్యువల్ పాస్ లాభం. అయితే అమ్మానాన్నలని తీసుకెళ్లేవాళ్లు ఇక్కడ జాగ్రత్తగా చదవండి: 2026 జనవరి 1 నుంచి అమెరికాలో నివాసం లేని విదేశీయులకి లెక్క మారింది. వాళ్లకి యాన్యువల్ పాస్ 250 డాలర్లు. పాస్ లేకపోతే గ్రాండ్ కాన్యన్‌తో కలిపి 11 పెద్ద పార్కుల్లో, 16 ఏళ్లు, ఆపైన ఉన్న ఒక్కొక్కరికీ మామూలు ఫీజు మీద ఇంకో 100 డాలర్లు కట్టాలి. మీ కారులో ఎవరెవరున్నారో దాన్నిబట్టి ఏది తీసుకుంటే మంచిదో బయల్దేరేముందే పార్క్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. మీ డ్రైవింగ్ లైసెన్స్, వాళ్ల పాస్‌పోర్టులు సూట్‌కేసులో అడుగున కాకుండా చేతికి అందేచోట పెట్టుకోండి.

ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు. నేషనల్ పార్క్ పాస్ స్టేట్ పార్కుల్లో పనిచేయదు. దారిలో సెడోనా వైపు వెళ్లి స్లైడ్ రాక్‌లో పిల్లల్ని నీళ్లలో ఆడిద్దామనుకుంటే అది అరిజోనా స్టేట్ పార్క్, గేటు దగ్గర మళ్లీ డబ్బులు కట్టాలి. రెండూ వేర్వేరు ప్రభుత్వాలవి. నిజానికి ఈ దేశంలో ప్రకృతిని కాపాడే బాధ్యత ముందు అందుకున్నది ఒక రాష్ట్రమే: 1864లో లింకన్ సంతకంతో యోసెమిటీ లోయని కాలిఫోర్నియా చేతికిచ్చారు. 1872లో ఎల్లోస్టోన్ వంతు వచ్చేసరికి అక్కడ అప్పగించడానికి రాష్ట్రమే లేదు, ఇంకా టెరిటరీలే, అందుకే అది కేంద్రం చేతిలోనే ఉండిపోయి మొదటి నేషనల్ పార్క్ అయింది.

ఎప్పుడు వెళ్లాలి

ఏప్రిల్, మే, మళ్లీ సెప్టెంబర్ చివర, అక్టోబర్. నాకైతే అక్టోబరే. వేసవి సెలవుల్లో తప్పదంటే వెళ్లండి గానీ ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. గట్టు దాదాపు 7,000 అడుగుల ఎత్తులో ఉంటుంది, నది 2,400 అడుగుల దగ్గర. జులైలో గట్టు మీద హాయిగా ఉంటుంది, స్వెట్టర్ వేసుకున్న పెద్దవాళ్లు కూడా కనిపిస్తారు. అదే రోజు అదే సమయానికి అడుగున రెంటచింతల ఎండ, నీడలోనే 43 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. మామూలుగా కొండెక్కితే చల్లబడుతుంది, ఇక్కడ దిగేకొద్దీ పొయ్యిలోకి దిగినట్టే. జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం ఉరుములు మెరుపులు కూడా ఎక్కువ, ఆకాశం నల్లబడితే రెయిలింగ్ వదిలేసి వెంటనే ఏదైనా భవనం లోపలికి వచ్చేయండి. డిసెంబర్ నుంచి మార్చి దాకా కాలిబాట పైభాగం గడ్డకట్టి గాజులా ఉంటుంది, బూట్లకి తగిలించుకునే మేకుల పట్టీలు లేకుండా దిగొద్దు.

బస

పార్క్ లోపల ఉంటే సూర్యోదయం మీ సొంతం. లాడ్జీలు చాలా నెలల ముందే నిండిపోతాయి, తేదీలు ఖాయం కాగానే బుక్ చేయండి. టెంటు అలవాటుంటే మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో చోట్లు రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైట్‌లో ఆరు నెలల ముందు నుంచి దొరుకుతాయి. ఏదీ దొరక్కపోతే గేటు బయటే టుసాయన్ ఉంది, ఇంకా తక్కువకి కావాలంటే విలియమ్స్. బయట ఉన్నా సరే, పొద్దున తొమ్మిదిలోపు గేటు దాటేయండి. పది దాటితే గేటు దగ్గర క్యూ, లోపల పార్కింగ్ లేక టెన్షన్. ఒకసారి కారు పెట్టాక ఇక దాన్ని ముట్టుకోకండి, లోపలి షటిల్ బస్సులు ఉచితం.

మొదటి సాయంత్రం: కాలం మీద నడక

చేరిన రోజే దిగొద్దు. ఎత్తుకి ఊపిరి అలవాటు పడాలి. ఆ సాయంత్రం యావపాయ్ జియాలజీ మ్యూజియం దగ్గర షటిల్ దిగి, అక్కడి నుంచి విలేజ్ (లాడ్జీలుండే గ్రాండ్ కాన్యన్ విలేజ్) వైపు గట్టు వెంబడి నడవండి. చదునైన గట్టి బాట, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా నిదానంగా నడవగలరు. దాని పేరు ట్రైల్ ఆఫ్ టైమ్. నేలలో ప్రతి మీటరుకీ ఒక కంచు బిళ్ల బిగించి ఉంటుంది, ఒక్కో మీటరు పది లక్షల సంవత్సరాలు. మ్యూజియం దగ్గర నేటి కాలం, అక్కడి నుంచి రెండు కిలోమీటర్లు నడిస్తే 200 కోట్ల ఏళ్ల వెనక్కి వెళ్తారు. ఈ కొలతలో శాతవాహనుల కాలం ఎంత దూరంలో ఉందో లెక్కేసి చూడండి: రెండు మిల్లీమీటర్లు.

బాట పక్కన, ఏ వయసు రాయిని ఆ వయసు దగ్గర, లోయలోంచి తెచ్చిన బండలు దిమ్మెల మీద నిలబెట్టారు. ముట్టుకోవచ్చు. 175 కోట్ల ఏళ్ల దగ్గర నల్లటి రాయి ఒకటి ఉంటుంది, ముదురు బూడిద రంగు, లోపల అభ్రకం మెరుస్తుంది, అరచెయ్యి పెడితే ఎండలో కూడా ఒక పక్క చల్లగా తగిలింది. పలక మీద పేరు చదివి అమ్మకి చెప్పాను: విష్ణు షిస్ట్. అమ్మ ఇంకోసారి చదవమంది.

అవును, లోయ అడుగున ఉన్న పురాతన శిలల పేర్లు విష్ణు, బ్రహ్మ, రామ. 1880ల్లో ఇక్కడ సర్వే చేసిన క్లారెన్స్ డటన్ అనే భూగర్భ శాస్త్రవేత్తకి లోయ మధ్యలో లేచిన శిఖరాలు తూర్పు దేశాల గుళ్లలా అనిపించి, విష్ణు టెంపుల్, శివ టెంపుల్ అని పేర్లు పెట్టాడు. తర్వాత వచ్చినవాళ్లు ఆ వరసలోనే బ్రహ్మ, బుద్ధ, దేవ, జొరాస్టర్, కృష్ణ, రామ అని కలుపుతూ పోయారు. మ్యాప్ పట్టుకుని వెతుక్కోండి, పిల్లలకి మంచి ఆట. హోపీ పాయింట్ నుంచి శివ, యాకీ పాయింట్ నుంచి తూర్పుగా విష్ణు. అవి గుళ్లు కావు, ఎవరూ కట్టలేదు, నీళ్లు కోసుకుపోగా మిగిలిన రాళ్లు. గండికోటలో పెన్నా ఎర్రమల కొండల్ని చీల్చిన చోట నిలబడ్డవాళ్లకి ఈ పని ఎలా జరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడ నేల పైకి లేస్తుంటే కొలరాడో నది ఇసుక, రాళ్లు మోసుకుంటూ దాన్ని కోసింది, ఇప్పుడున్న లోతుకి చేరడానికి 50, 60 లక్షల ఏళ్లు పట్టింది. రాళ్లు చాలా ముసలివి, లోయ మాత్రం వాటి ముందు పసిపిల్ల.

దిగే రోజు

కాలిబాటలు రెండింట్లో ఒకటి ఎంచుకోండి. సౌత్ కైబాబ్ బాటలో ఊ-ఆ పాయింట్ అని ఉంది, 0.9 మైలు దిగితే చాలు, రెండు పక్కలా లోయ తెరుచుకుంటుంది, చూపుకి దాన్ని మించింది లేదు. కానీ ఎక్కడా నీళ్లుండవు, నీడ దాదాపు ఉండదు, సొంత కారు ఆ మొదలు దాకా వెళ్లనివ్వరు, షటిల్‌లోనే వెళ్లాలి. బ్రైట్ ఏంజెల్ బాట విలేజ్ లోంచే మొదలవుతుంది, పొద్దున గోడ నీడ ఉంటుంది, మైలున్నర దగ్గరా మూడు మైళ్ల దగ్గరా రాతి విడిది గదులున్నాయి. మొదటిసారికి బ్రైట్ ఏంజెల్‌లో మైలున్నర విడిది దాకా వెళ్లి తిరిగి రావడం సరిగ్గా సరిపోతుంది. సుమారు 1,100 అడుగులు దిగుతారు, అంతా కలిపి రెండు నుంచి నాలుగు గంటలు.

విడిది దగ్గర కొళాయి ఉంటుంది గానీ దాన్ని నమ్ముకుని దిగొద్దు. ఆ నీళ్లు అవతలి గట్టు కింద రోరింగ్ స్ప్రింగ్స్ నుంచి లోయ మొత్తం దాటి పైపులో వస్తాయి, 1960ల నాటి పైపు, పగలడం మామూలే, ఇప్పుడు కొత్తది వేస్తున్నారు. ముందురోజు విజిటర్ సెంటర్‌లో అడగండి: నీళ్లు వస్తున్నాయా, బాటలో ఏ భాగమైనా మూసేశారా అని.

తెల్లారేసరికి బాట మొదట్లో ఉండండి. ఒక్కొక్కరికి రెండు లీటర్ల నీళ్లు. వాటితో పాటు ఉప్పగా ఉండే తిండి తప్పనిసరి, ఇది చాలామందికి తెలియదు. ఎండలో ఏమీ తినకుండా ఊరికే నీళ్లు తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు పలచబడి వాంతులు, మగత, ఇంకా ముదిరితే ప్రాణం మీదికే వస్తుంది. మన జంతికలు, చెగోడీలు, కారప్పూస దీనికి భేషైనవి. పులిహోర కట్టుకెళ్లినా మంచిదే. మేం డబ్బా నిండా జంతికలు తీసుకెళ్తే ఎక్కేటప్పుడు పక్కన ఆగిన ఇద్దరు ముసలి దంపతులు కూడా రెండేసి తిన్నారు.

ఇక అసలు విషయం. మనకి అలిపిరి మెట్లు అలవాటు. ఒంట్లో ఓపిక ఉండగా ఎక్కేస్తాం, దర్శనం అయ్యాక దిగడం తేలిక, కాళ్లు పీకినా బస్సుంది. ఇక్కడ అంతా తిరగబడుతుంది. దిగేటప్పుడు కాళ్లు వాటంతటవే పోతుంటాయి, గాలి చల్లగా ఉంటుంది, ఇంకో మలుపు చూద్దాం, ఇంకొక్కటి అనిపిస్తుంది. కష్టమంతా చివరికి, ఎండ నెత్తిమీదికొచ్చాక, నీళ్లు అయిపోతుండగా వస్తుంది. అందుకే దిగడానికి పట్టిన టైముకి ఎక్కడానికి రెట్టింపు వేసుకోండి. నలభై నిమిషాలు దిగితే గంటా ఇరవై నిమిషాలు ఎక్కాలి. బాగున్నా సరే, మూడోవంతు నీళ్లు అయిపోగానే వెనక్కి తిరగండి. వేసవిలో పదింటి నుంచి నాలుగింటి దాకా ఎండ బాటలో ఉండకండి. ఒక్కరోజులో నది దాకా వెళ్లి వచ్చేద్దాం అని కుర్రాళ్లు పందేలు వేసుకుంటారు, దయచేసి వద్దు. ఏటా 250 మందికి పైగా ఇక్కడ రక్షించి పైకి తేవాల్సి వస్తోంది, వాళ్లలో వయసులో ఉన్నవాళ్లు, దిట్టంగా ఉన్నవాళ్లు కూడా ఉంటారు.

దిగుతూ రాళ్లు చూడండి. పైన తెల్లటి కైబాబ్ సున్నపురాయి, 27 కోట్ల ఏళ్లది. దాంట్లో సముద్ర జీవుల గుర్తులుంటాయి, అంటే మీరు కారు పెట్టిన చోటు ఒకప్పుడు సముద్రపు అడుగు. మొదటి సొరంగం దగ్గర ఆగి పైన బండ కింద వెతకండి, పాతకాలపువాళ్లు ఎర్రరంగుతో వేసిన బొమ్మలు కనిపిస్తాయి. కొంత దిగాక లేత గోధుమ రంగు నిట్టనిలువు గోడ వస్తుంది, కోకోనినో ఇసుకరాయి. దగ్గరికెళ్లి చూస్తే చారలు అడ్డంగా కాకుండా ఏటవాలుగా, ఒకదాన్నొకటి కోసుకుంటూ ఉంటాయి. అవి గాలి పేర్చిన ఇసుక దిబ్బలు, అలాగే రాయైపోయాయి. సముద్రం కింద ఎడారి. ఆ కింద ఎర్రరాయి మొదలవుతుంది, మీ సాక్సులు ఎర్రబడటం మొదలైందంటే విడిది దగ్గరపడ్డట్టే.

అంత నిలువు గోడలో అసలు బాట ఎలా పడిందని నాన్న అడిగాడు. అక్కడ భూమిలో ఒక పగులుంది, బ్రైట్ ఏంజెల్ ఫాల్ట్. రెండు పక్కలా పొరలు సరిగ్గా కలవవు, ఒక పక్క జారింది. గోడ విరిగి రాళ్లు పోగుపడ్డచోట దారి దొరికింది. ఆ దారిని మొదట కనుక్కుని వాడుకున్నది హవసుపాయ్ తెగవాళ్లు, నాలుగున్నర మైళ్ల దిగువన ఊట దగ్గర పంటలు పండించుకునేవాళ్లు. తర్వాత రాల్ఫ్ కామెరాన్ అనేవాడు గని హక్కులని చెప్పి బాటని గుప్పిట్లో పెట్టుకుని మనిషికి డాలరు వసూలు చేశాడు. 1903లో అప్పటి అధ్యక్షుడు థియడోర్ రూజ్వెల్ట్ వచ్చి, దీన్ని ఉన్నదున్నట్టే వదిలేయండి, మీరు బాగుచేయగలిగింది ఏమీ లేదు అన్నాడు, 1908లో నేషనల్ మాన్యుమెంట్‌గా ప్రకటించాడు, 1919లో నేషనల్ పార్క్ అయింది. కామెరాన్ మాత్రం సుప్రీంకోర్టు దాకా కొట్లాడి 1920లో ఓడిపోయాడు. పార్క్ వచ్చాక హవసుపాయ్‌లకీ చోటు లేకుండా పోయింది, చివరిగా మిగిలిన వాళ్లని 1928లో పంపించేశారు. ఆ ఊట ఉన్న చోటికి వాళ్ల పేరు, హవసుపాయ్ గార్డెన్స్, 2022లోగానీ రాలేదు. మీరు పెట్టే ప్రతి అడుగూ వాళ్ల దారి మీదే, అది తెలిసి నడవండి.

బాట మీద కంచర గాడిదలు ఎదురొస్తాయి. వాటికే దారి. మీరు అంచు వైపు కాకుండా గోడ వైపు జరిగి, కదలకుండా, తోలుకొచ్చేవాళ్లు చెప్పినట్టు చేయండి. అన్నీ దాటి ఒక యాభై అడుగులు వెళ్లేదాకా కదలొద్దు. పేడ, మూత్రం గుంటలు తప్పవు, మంచి బూట్లు వేసుకోండి. విడిది దగ్గర ఉడతలు బొద్దుగా, మన ఉడతలకంటే చాలా పెద్దవి, ఒళ్లోకి ఎక్కేస్తాయి. తిండి పెట్టొద్దు, పెడితే జరిమానా, కరిస్తే కుట్లు. మా పక్కన కూర్చున్న అబ్బాయి బ్యాగు జిప్పు వేయకుండా పక్కకి తిరిగాడు, ఆ అరనిమిషంలో ఒకటి తల దూర్చి బ్రెడ్డు కవరు చించేసింది.

తిరిగి ఎక్కేముందు కొళాయి వస్తుంటే టోపీ, చొక్కా తడిపి వేసుకోండి. మాట్లాడుతూ ఎక్కగలిగేంత నిదానంగా ఎక్కండి, మాట తెగుతోందంటే వేగం ఎక్కువైనట్టు. అరగంటకోసారి కూర్చుని ఏదైనా నమలండి.

మధ్యాహ్నం, తర్వాతి రోజు

పైకొచ్చాక లుకౌట్ స్టూడియో దగ్గర కూర్చుని ఆకాశం చూడండి. రెక్కల మీద నంబరు బిళ్లలున్న పెద్ద నల్ల పక్షి తేలుతూ కనిపిస్తే అది కాలిఫోర్నియా కాండర్, రాబందు జాతి, రెక్కలు చాపితే తొమ్మిదిన్నర అడుగులు. 1987 నాటికి ప్రపంచం మొత్తంలో 27 మిగిలితే అన్నిటినీ పట్టి పెంచి, 1996 నుంచి ఈ చుట్టుపక్కల మళ్లీ వదులుతున్నారు.

తర్వాతి రోజు తూర్పు గేటు వైపు వెళ్లండి. విలేజ్ నుంచి 25 మైళ్లలో డెజర్ట్ వ్యూ, అక్కడ 1932లో మేరీ కోల్టర్ డిజైన్ చేసిన 70 అడుగుల రాతి బురుజు. లోపల గోడల మీద హోపీ తెగ చిత్రకారుడు ఫ్రెడ్ కబోటీ బొమ్మలు. నది స్పష్టంగా కనిపించేది ఇక్కడే. కొలరాడో అంటే ఎరుపెక్కినది అని అర్థం, కానీ ఎగువన గ్లెన్ కాన్యన్ డ్యామ్ 1963లో గేట్లు మూసిన దగ్గర్నుంచీ మట్టి అక్కడే ఆగిపోయి, వానలు లేనప్పుడు ఆకుపచ్చగా పారుతుంది.

ఆ గేటు దాటి ముప్పై మైళ్లు వెళ్తే వచ్చే ఊరి పేరు కామెరాన్, ఆ డాలరు వసూలు చేసిన ఆయన పేరే. ఆ ఊరున్నది నావహో నేషన్‌లో, అంటే నావహో తెగవాళ్ల నేల మీద. పేజ్ వెళ్లి యాంటిలోప్ కాన్యన్ చూడాలనుకుంటే అది నావహోల పార్క్, గైడ్‌తోనే వెళ్లాలి, ముందే బుక్ చేసుకోవాలి. ఇంకొక్క మాట: అరిజోనాలో వేసవికి గడియారం మార్చరు, నావహో నేషన్‌లో మారుస్తారు. మార్చి నుంచి నవంబర్ దాకా దారిలో మీ ఫోన్ ఉన్నట్టుండి గంట ముందుకి దూకుతుంది, మళ్లీ వెనక్కి వస్తుంది. పేజ్‌లో టూర్లు నడిచేది అరిజోనా టైముకే, కాబట్టి బయల్దేరేముందు ఫోన్‌లో ఆటోమేటిక్ టైమ్ తీసేసి ఫీనిక్స్ పెట్టుకోండి.